కింద ఖాళీ ఉన్న ఇల్లు

అత్తగారిలో సెలీనాకి నచ్చని గుణాలు పదిహేడున్నాయి. అందులో మొదటిది, ఆవిడ చెప్పినవన్నీ నిజమైపోవడం. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, ఒక చెవి వినపడదు, రెండోది తనకి అవసరమైనప్పుడే వినపడుతుంది, నిన్న చేపల పులుసు తిన్నదీ లేనిదీ ఇవాళ గుర్తుండదు, కానీ సముద్రం ఏ రోజు ఏ పూట ఇంటిమీదికొస్తుందో మాత్రం పట్నం బస్సు వేళ చెప్పినంత తేలిగ్గా చెప్పేస్తుంది. పొద్దున గంజి తాగుతూ, గిన్నెలోంచి తల ఎత్తకుండానే, "ఇవాళ అమావాస్య. పన్నెండు దాటదు, వచ్చేస్తుంది," అంది. అని, వచ్చేది చుట్టమన్నట్టు ఆ ఊరి ముసలమ్మలు కట్టే తెల్లపంచె ఉతికింది కట్టుకుని, జుట్టు ముడి వేయించుకుని, పడమటి కిటికీకి ఎదురుగా మంచమ్మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పళ్ళిక్కడప్పురంలో పసిపిల్లల దగ్గర్నుంచి చర్చి ఫాదర్ దాకా అందరూ ఆవిణ్ణి అమ్మచ్చి అనే పిలుస్తారు. ఒక్క సెలీనా మనసులో మాత్రం ఆవిడకి వేరే పేర్లున్నాయి, అవి ఫాదర్ చెవిలో తప్ప ఇంకెక్కడా చెప్పుకోదగ్గవి కావు.

పదకొండూ అయిదుకి మొదటి దెబ్బ పడింది. దబ్. కింద. ఇంటి కింద. సెలీనా వంటగది గడప మీద కూర్చుని ఒళ్ళో సెల్‌ఫోను పెట్టుకుని ఉంది, ఆ దెబ్బ గడప చెక్కలోంచి వెన్నులోకి పాకింది, ఎవరో అరచేత్తో తలుపు తట్టినట్టు, కోపంగా కాదు, మర్యాదగానే, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్నట్టు. అమ్మచ్చి జపమాలలో ఒక పూస జరిపింది. అసలు ఆ చప్పుడే రాకూడదు. ఈ ఇంటి కింద నీళ్ళు కొట్టుకోవడానికి ఏమీ ఉండకూడదు. అయిదడుగుల స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు ఇది, పడమటి వైపునా తూర్పు వైపునా కింద ఉట్టి ఖాళీ, ఆ ఖాళీకి కొబ్బరాకు తడకలు, తడకలకి కొబ్బరితాడు ముళ్ళు. సముద్రం లేచిన రోజున ముళ్ళు విప్పేస్తే తడకలు చేతికొస్తాయి, నీళ్ళు పడమట దూరి, ఇంటి కింద నడిచి, తూర్పున దిగి, వెనకున్న కాలవలో కలిసిపోతాయి. ఇది డెల్ఫిన్ గీసిన ఇల్లు. సెలీనా కూతురు డెల్ఫిన్, తిరువనంతపురంలో ఇళ్ళు కట్టే చదువు అయిదో ఏడు, ఆఖరి పరీక్ష ఇవాళే, ఈ గంటలోనే. కాగితం మీద ప్రతివాడి ఇల్లూ నిలబడుతుందమ్మాయ్ అన్నాట్ట బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పోయిన నెలలో, ఏ తుఫానుకీ కాగితం తడవదు కదా. దానికి డెల్ఫిన్, మాది కాగితం మీద లేదు సార్, మా ఊళ్ళో ఉంది, ఎగ్జామ్ రోజున పోటు వస్తుంది, నేనే చూపిస్తాను అందట. నోటి దూల. ఆ దూల ఎక్కణ్ణించి వచ్చిందో సెలీనాకి తెలుసు, అద్దంలో చూసుకున్నప్పుడల్లా కనపడుతుంది. పొద్దున ఏడింటికి ఫోను. "అమ్మా, పన్నెండుకి పావు తక్కువకి వీడియో కాల్ చేస్తా. నువ్వు ముందే తడకలు విప్పేసి ఉంచు. మెట్లమీద నిలబడి కింద నీళ్ళు పోతుంటే చూపించు, అంతే. వాళ్ళకది కనపడితే చాలు. లేకపోతే ఇంకో ఏడాదమ్మా." అలాగే అంది సెలీనా. అలాగే మోళే, అలాగే బిడ్డా, నువ్వు తిన్నావా. తడకలు ఏప్రిల్ నెల చివర్నించీ మేకలపాక పైకప్పు మీదున్నాయి. తడకలుండవలసిన చోట, పడమటా తూర్పునా, నేల నుంచి ఇంటి అడుగు దాకా, సిమెంటు ఇటుకల గోడ ఉంది.

దబ్. రెండోది. ఇది మర్యాదగా లేదు. ఈ గోడ అమ్మచ్చి వల్లే అనుకుంది సెలీనా, అలా అనుకోవడం చాలా సుఖంగా ఉంది, ఎండలోంచి వచ్చి నీడన కూర్చున్నట్టు. ఆవిడే కదా కట్టెలు తడుస్తున్నాయి, వలలు తడుస్తున్నాయి, ఇంటి కింద కుక్కలు ఈనుతున్నాయి అని సణిగింది. సణిగిందా? కుక్కల మాట అన్నది త్రేస్య, పక్కింటి త్రేస్య, ఇవాళ పొద్దున్నే కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని బడిలో పెట్టిన తుఫాను శిబిరానికి పోతూ కూడా నోరూరుకోలేదు. "సెలీనా, మీ ఇల్లు చూపించడానికి కట్టిందట గదా, ఉండడానికి కాదు! రండే బాబూ, చచ్చిపోతారు!" అని అరిచి, ఒక కోడి ఎగిరిపోతే దాని వెనక పరిగెత్తింది. మొగుడు లోరన్స్ కూడా పడవని కాలవ అవతలికి లాగడానికి పోతూ శిబిరానికి పొమ్మనే చెప్పాడు. పెళ్ళాం మాట వినే మగాడు గనక పెళ్ళాం తన మాట వింటుందనుకుంటాడు పాపం. సెలీనా వెళ్ళడానికి సిద్ధంగానే ఉంది, పోతే ఫోనెత్తక్కర్లేదు, శిబిరంలో సిగ్నల్ లేదు మోళే అని చెప్పేయొచ్చు, ఆ అబద్ధం చక్కగా ఉతికి మడత పెట్టి కూడా ఉంచుకుంది. అమ్మచ్చి కదల్లేదు. "ఇది నేను చెప్పిన ఇల్లు. నేను చెప్పిన ఇంట్లోంచి నేనెందుకు పోతాను?" అంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషిని వదిలేసి కోడలు పోతే ఊరు ఏమంటుంది? ఊరు ఏమంటుంది అన్న ప్రశ్న లేకపోతే సెలీనా ఈ పాటికి పది దేశాలు ఏలి ఉండేది.

నేను చెప్పిన ఇల్లు. అది నిజం, అక్కడే అసలు ముల్లు. రెండేళ్ళ కిందట ఇదే వానాకాలంలో డెల్ఫిన్ వచ్చి పాత కాంక్రీటింట్లో అమ్మచ్చి కాళ్ళ దగ్గర చతికిలబడి, చిన్నప్పుడు సముద్రం వస్తే ఏం చేసేవారు అమ్మచ్చీ అని అడిగింది. ముసలావిడకి పండగే. "ఏం చేస్తాం, గోడలిప్పేవాళ్ళం. కొబ్బరాకు గోడలు కదా. గిన్నెలు అటకెక్కించి, ముందు తూర్పు గోడ విప్పి, తర్వాత పడమటి గోడ విప్పి, చర్చి దిబ్బకి పోయి కూర్చుని పాటలు పాడేవాళ్ళం. కడలమ్మ వచ్చేది, ఇల్లంతా చూసుకునేది, అటు పోయేది. మూడ్రోజులకి మళ్ళీ గోడలు కట్టుకునేవాళ్ళం. వచ్చిన చుట్టానికి దారిస్తే పోతుంది మోళే, గోడ అడ్డం పెడితే నాకంటే గొప్పదానివా అంటుంది." డెల్ఫిన్ ఫోనులో ఆ మాటలన్నీ ఎక్కించుకుంది, మూడు గంటలు, ఆ తర్వాత ఊళ్ళో నలభై మంది ఆడవాళ్ళని అడిగింది, చేపలెక్కడ ఎండేస్తారు, ప్రార్థన ఏ గోడకి చేస్తారు, మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటారు, బిడ్డ పుట్టినప్పుడు ఏ మూల పడకేస్తారు, నలభై మందిని, త్రేస్యని కూడా, త్రేస్య కూడా గంటసేపు మాట్లాడింది, గంటసేపు మాట్లాడ్డానికి త్రేస్య దగ్గర ఏముంది? ఆ మూడు గంటలూ, ఆ నలభై మందికీ, నల్ల టీ కాచి ఇచ్చింది సెలీనా. బెల్లం ఎక్కువైందమ్మా అంది డెల్ఫిన్ ఒకసారి. అంతే. సెలీనా బి.ఎ. చదివింది, చరిత్ర, రెండో తరగతిలో పాసైంది, ఈ ఒడ్డున ఇరవై అయిదేళ్ళు వంట చేసింది, ఏ కిటికీలోంచి ఏ నెలలో ఎంత ఉప్పు లోపలికొస్తుందో అప్పడాలు మెత్తబడే తీరు చూసి చెప్పగలదు. ఎవరూ అడగలేదు. నలభై ఒకటో ఆడది టీ గ్లాసులు కడుగుతోంది.

దబ్. దబ్. ఇప్పుడు జంటగా వస్తున్నాయి. పదకొండూ ఇరవై. గోడకి తగిలించిన యేసు తిరుహృదయం పటం కొంచెం పక్కకి ఒరిగింది, దాని కిందుండే ఎర్ర బల్బు వెలగడం లేదు, కరెంటు నిన్ననే పోయింది. సెలీనా లేచి పటం సరిచేసింది. ఇల్లు మునుగుతుంటే పటం సరిచేసే మనిషివి నువ్వు అనుకుంది తన గురించి తనే, అనుకుని కూర్చుంటే పటం మళ్ళీ ఒరిగింది. ఇల్లు మంచిదే. ఆ మాట లోపల్లోపల ఎప్పుడో ఒప్పుకుంది, పైకి ఎవరితోనూ అనలేదు. డిసెంబరులో డెల్ఫినూ, దానితో చదివే నలుగురూ, ఒక్క పన్ను కూడా లేని ముసలి వడ్రంగీ కలిసి కట్టారు. ఇనుపమేకు ఒక్కటి లేదు, అన్నీ చెక్క చీలలూ తాళ్ళూ, ఉప్పుగాలి ఇనుముని తినేస్తుందని. చూరు కింద చుట్టూతా జానెడు సందు వదిలారు, ఇదేమిటి దొంగలకి దారా అంది సెలీనా, కాదమ్మా వేడికి దారి అంది డెల్ఫిన్. ఏప్రిల్లో పాత ఇంట్లో పంకా కిందే అరికాళ్ళు మండేవి, తడిగుడ్డ పరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి అది అప్పడంలా ఉండేది. ఈ ఏప్రిల్లో ఈ ఇంట్లో దుప్పటి కప్పుకుంది. కప్పుకుని, నవ్వుకుని, రెండో రోజే ఇటుకలు తెప్పించింది. ఎందుకు? ఎందుకు సెలీనా? చల్లగా నిద్రపట్టిన మనిషి ఇటుకలెందుకు తెప్పిస్తుంది?

ఎమిలి చేచి వల్ల. అవును, అది అన్నిటికంటే మంచి నీడ, అక్కడ కాసేపు కూర్చుంది సెలీనా. ఎమిలి ఆమె సొంత అక్క, కాలవ అవతలి గట్టు మీద, వరిచేల వైపు కాపురం. ఆ గట్టు వాళ్ళకి ఈ గట్టు వాళ్ళంటే చేపలు తెచ్చేవాళ్ళని చిన్నచూపు. సెలీనాది కూడా ఆ గట్టే, ప్రేమించి ఈ గట్టుకొచ్చింది, వచ్చిన రోజు నుంచి అక్క ముందు ఈ గట్టు తరఫున పరీక్ష రాస్తూనే ఉంది, పాత ఇంట్లో తెల్ల పలకల నేల, ఫ్రిజ్జు, స్టీలు మెట్ల కటకటాలు, ఒక్కొక్కటీ ఒక మార్కు. ఈస్టరుకి ఎమిలి వచ్చి, కారు దిగి, ఇంటిని పైనుంచి కిందకి చూసి, వంగి కింద ఖాళీలోకి తొంగి చూసి, "ఇదేంటి సెలీనా, కింద బాతుల్ని పెంచుతున్నారా?" అంది. అందరూ నవ్వారు. లోరన్స్ కూడా నవ్వాడు. డెల్ఫిన్ అయితే పడీపడీ నవ్వి, "మంచి ఆలోచన పెద్దమ్మా, రాసుకుంటా," అంది. ఇరవై అయిదేళ్ళ మార్కులు ఒక్క బాతుతో పోయాయి. సెలీనా కూడా నవ్వింది, నవ్వి, కర్రపెండలం ముక్కలు వడ్డించి, చేపల పులుసులో ఉప్పు రెండోసారి వేసింది. పై నెల చర్చి యూనిట్ ప్రార్థన వంతు వీళ్ళింటికొచ్చింది. నెలకో ఇంట్లో జరుగుతుంది, ముప్ఫై రెండు ఇళ్ళు, రెండున్నరేళ్ళు దాటితే గాని రాదు, ఫాదర్ వస్తాడు, అందరూ వస్తారు, వచ్చినవాళ్ళు ప్రార్థన వైపు ఒక కన్నూ ఇంటి వైపు ఒక కన్నూ వేస్తారు. కింద ఖాళీగా, కుక్కలు పడుకుని, పొయ్యి కట్టెలు బయటపడి, లంగా ఎత్తి కట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉన్న ఇల్లు. లోరన్స్ అడిగాడు, ఒక్కసారే అడిగాడు, "అమ్మాయికి చెప్పావా?" చెప్పాను అంది సెలీనా. మరి అమ్మచ్చి ఏమంది? అమ్మచ్చే కట్టమంది అంది సెలీనా. రెండబద్ధాలు, ఒక్క గుక్కలో, అదీ వణక్కమాసంలో, మరియమాత పేర రోజూ ప్రార్థన చేసే నెలలో.

అమ్మచ్చి ఏమంది? ఏమీ అనలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, గుర్తు రావద్దన్నా వస్తోంది, గోడ లేస్తుంటే మూడు రోజులూ ఆవిడ మెట్లమీద కూర్చుని చూసింది. లోరన్స్ పడవ మనిషి, తాపీ పట్టడం రాదు, సిమెంటు ఆదా చేద్దామని పెళ్ళాం అంటే ఇంటి ముందున్న సముద్రపు ఇసకే తట్టలతో ఎత్తి కలిపాడు. ఉప్పిసక. ఈ ఒడ్డున పుట్టిన ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు, ఉప్పిసకతో కట్టింది రెండు వానలు ఆగదని. తెలిసే కలిపాడు, తెలిసే కలపమంది, యూనిట్ ప్రార్థన దాకా ఆగితే చాలు కదా. ఆఖరి ఇటుక పెట్టాక అమ్మచ్చి లేచి, చేత్తో గోడ తడిమి, వేలికంటిన ఇసక నాలుక మీద పెట్టుకుని రుచి చూసి, లోపలికెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అత్తగారు ఒక్క తిట్టు తిట్టి ఉంటే కోడలు ఆ తిట్టు పట్టుకుని వందేళ్ళు బతికేది. ప్రార్థన రోజున కొత్తగోడకి సున్నం వేసి, మరియమాత పటానికి దండ వేసి, ముప్ఫై రెండిళ్ళ వాళ్ళకీ వేయించిన అటుకులూ టీ ఇచ్చింది సెలీనా. "ఇప్పుడు ఇల్లులా ఉంది," అన్నాడు ఫాదర్. ఆ మాట ఎమిలికి ఫోను చేసి చెప్పింది. డెల్ఫిన్‌కి చెప్పలేదు. డెల్ఫిన్ ప్రతి ఆదివారం అడిగేది, అమ్మా ఇంటి కింద ఫొటో పంపు, స్తంభాల మొదట్లో ఇసక ఎలా ఉందో చూడాలి. ఈస్టరప్పుడు తీసినవి పదకొండు ఫొటోలున్నాయి సెలీనా దగ్గర. పెళ్ళిసంబంధానికి ఫొటోలు పంపినట్టు ఒక్కో ఆదివారం ఒక్కోటి పంపింది. థాంక్సమ్మా, నువ్వు లేకపోతే నా థీసిస్ లేదు అని రాసింది డెల్ఫిన్ పోయిన ఆదివారం. ఆ మాట చదివి సెలీనా చేపలు కడుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయలు తరుగుతూ ఏడవాలని కూడా తోచలేదు, అంత తెలివితక్కువగా ఏడ్చింది.

ఇంకో దెబ్బ. ఇది వేరు. దీని చివర చిటుక్కుమని ఒక శబ్దం, ఎక్కడో చెక్క చీల వదులైన శబ్దం. వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. పడమటి కిటికీలోంచి చూస్తే ఒడ్డున అడ్డం పోసిన రాతికట్ట లేదు, ఉందేమో, నీళ్ళ కింద ఉంది, నురుగు ఇంటిదాకా వచ్చి గోడకి కొట్టుకుని పైకి లేచి కిటికీ చువ్వల మీద చిలకరిస్తోంది, ఇంటి పక్కల్నించి సుడి తిరిగి స్తంభాల మొదట్లో ఇసక తవ్వుకుపోతోంది, ఆ రంగు చూస్తే తెలుస్తోంది, నల్ల ఇసక, కిందనుండే ఇసక. సముద్రం ఇంటిని తోస్తోంది. నిలబడ్డ మనిషిని జనంలో భుజంతో తోసినట్టు, ఒక తోపు, ఆగడం, ఇంకో తోపు. గోడ ఆగినంతసేపూ నీళ్ళు ఇంటినే తోస్తాయి. అది సెలీనాకి ఇప్పుడు తెలిసింది, అంటే ఎప్పుడో తెలుసు, డెల్ఫిన్ గోధుమపిండి పళ్ళెంలో అగ్గిపుల్లలు గుచ్చి నీళ్ళు పోసి చూపించింది, పిండి పాడుచేస్తున్నావని తిట్టింది తను. పదకొండూ ముప్ఫై నాలుగు. పదకొండు నిమిషాలు. పడిపోతే? ఇల్లు పడిపోతే అందులో ఈ ముసలావిడ, పడకపోయినా ఫోను మోగుతుంది, మోగితే గోడ కనపడుతుంది, డెల్ఫిన్ అయిదేళ్ళు, లోరన్స్ ఎండలో ఎండిన అయిదేళ్ళు, తను వడియాలూ ఎండుచేపలూ అమ్మి పంపిన హాస్టలు భోజనం. దేవుడా, ఫోను చార్జి అయిపోనీ అని మొక్కుకుంది. చూసింది. ముప్ఫై ఒకటి శాతం. దేవుడెప్పుడూ ఇంతే, అడగని వాటికే చార్జి మిగులుస్తాడు.

"సెలీనా," అంది అమ్మచ్చి. జపమాల మంచమ్మీద పెట్టేసింది. "తూర్పు ముందు."

"ఏంటమ్మచ్చీ?"

"తూర్పు గోడ ముందు పగలగొట్టు. పడమటిది నీ వల్ల కాదు, అది కడలమ్మే చూసుకుంటుంది. పోయే దారి చూపించకుండా వచ్చే తలుపు తీస్తే చుట్టం నట్టింట్లోనే కూర్చుంటుంది. లే మోళే. వంట తర్వాత చేసుకోవచ్చు."

కిందికి దిగే మెట్లు తూర్పు వైపే. ఆ గోడకి ఒక చిన్న ఇనుప తలుపు కూడా పెట్టించింది సెలీనా, లోపల కట్టెలూ వలలూ ప్రార్థన కుర్చీలూ పెట్టుకోవడానికి, దానికొక పెద్ద తాళం. ఇనుము వద్దమ్మా ఉప్పు తినేస్తుంది అన్నది ఎవరో గుర్తుంది కదా. మెట్లు దిగేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి, వెచ్చగా, మురికిగా, ఒక చెప్పూ ఒక కొబ్బరి బోండామూ ఎవరిదో ప్లాస్టిక్ మగ్గూ తిరుగుతున్నాయి. తాళంలో తాళంచెవి పెట్టి తిప్పితే తాళంచెవి తల చేతిలోకొచ్చింది. ఆరు వారాలు. ఆరు వారాల్లో తినేసింది. నవ్వొచ్చింది, ఆ నవ్వుని ఎవరైనా వింటే పిచ్చాసుపత్రికి కబురు పెడతారు. మెట్ల కింద దూలానికి కట్టిన లోరన్స్ గునపం లాగింది. మొదటి పోటు గోడకి తగిలి జారి పక్కన నీళ్ళలో పడింది. రెండోది దిగింది, సులువుగా, అన్నంలో గరిటె దిగినట్టు. ఉప్పిసక. మొగుడి చేతగానితనానికి జీవితంలో మొదటిసారి దండం పెట్టుకుంది. పోటు, లాగుడు, పోటు, ఒక ఇటుక వచ్చింది, ఇది ఫాదర్ మాట, ఇంకొకటి, ఇది ఎమిలి బాతు, ఇంకొకటి, ఇది త్రేస్య, ఇంకొకటి, దీనికి ఎవరి పేరూ దొరకలేదు, గునపం ఎత్తి పట్టుకుని నిలబడింది, వాన కళ్ళలో పడుతోంది, పేరు దొరకలేదు, దొరికింది, దానికి బెల్లం ఎక్కువైన టీ వాసన ఉంది. తనది. ఒక్క మాట నన్ను కూడా అడిగి ఉంటే. అంతే కదా. అంత చిన్నది. బాతూ కాదు ఫాదరూ కాదు. నన్నడక్కుండా గీసిన ఇంట్లో నేనొకటి గీస్తాను అనుకుంది, ఆ ఏప్రిల్ రాత్రి చల్లగా దుప్పటి కప్పుకుని, పదిహేనేళ్ళ పిల్లలా, కూతురి మీద కూతురిలా అలిగి. పోటు. ఇటుక. పోటు.

పైన ఫోను మోగింది.

మనిషి దూరేంత సందు అయింది తూర్పు గోడలో, ఆ సందులోంచి చీకట్లో కట్టెలు కనపడుతున్నాయి, అవతల పడమటి గోడ దెబ్బ దెబ్బకీ ఇటు ఉబ్బుతోంది. అమ్మచ్చి మెట్లమీదికి వచ్చి ఫోను చాచిన చేత్తో పట్టుకుని నిలబడింది, ఒక చేత్తో కటకటం పట్టుకుని. ఫోను తిరగేసి పట్టుకుంది, అక్కడ పరీక్షకులకి ఆవిడ ముక్కు మాత్రమే కనపడుతూ ఉండాలి. "అమ్మచ్చీ, ఫోను తిప్పు! అమ్మేదీ? కిందకి చూపించు!" డెల్ఫిన్ గొంతు, పల్చగా, తడి లేకుండా, పరీక్ష గొంతు. తిప్పింది. డెల్ఫిన్ చూస్తోందని సెలీనాకి వీపు మీద తెలిసింది. వాన, గునపం, సున్నం వేసిన గోడ, గోడలో కన్నం, కన్నం పక్కన చీర నడుముకి దోపుకున్న తల్లి.

"ఇదేనా మీరు చెప్పిన ఖాళీ?" మగ గొంతు, వయసైన గొంతు. "ఇక్కడ గోడ కనపడుతోంది. మీ బొమ్మలో తడకలున్నాయి. ఏది నిజం?"

"సార్, అది... నాకు తెలీదు సార్. అమ్మచ్చీ, ఆ గోడేంటి? ఎవరు కట్టారు?"

"నేనే," అంది అమ్మచ్చి.

సెలీనా తలెత్తి చూసింది. వినపడే చెవి ఫోను వైపే ఉంది, ప్రశ్న సరిగ్గా వినపడే అంటోంది.

"నేనే కట్టమన్నా మోళే," అంది ఆవిడ ఫోనులోకి, చర్చిలో పాడినంత గట్టిగా. "కట్టెలు తడుస్తున్నాయని. ముసలిదాన్ని, మతి లేదు. మీ అమ్మ వద్దంది, నేనే వినలేదు. పిల్లకి మార్కులు తగ్గించకండి బాబూ, దాని తప్పు లేదు."

అప్పుడు పడమటి గోడ పోయింది. పగిలిన శబ్దం కూడా పెద్దగా రాలేదు, తడిసిన అట్టపెట్టె నలిగినట్టు ఒక మెత్తటి చప్పుడు, ఆ వెంటనే నీళ్ళు, పొడుగ్గా, గోధుమరంగులో, కట్టెల్నీ వలల్నీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల్నీ పోయిన క్రిస్మస్ నక్షత్రాన్నీ తోసుకుంటూ ఇంటి కిందుగా వచ్చి, తూర్పు సందుని తన్ని, మిగిలిన ఇటుకల్ని విసిరేసి, మెట్ల స్తంభాన్ని కావిలించుకున్న సెలీనాని నడుం దాకా తడిపి, ఆమెని చూడనట్టే దాటి, కాలవ వైపు దిగిపోయాయి. ఇంకో కెరటం, అదీ అంతే. అటు దూరి ఇటు పోయింది. దెబ్బలు ఆగిపోయాయి. ఇల్లు కదలడం ఆగిపోయింది. ముప్పావు గంటనుంచి వెన్నులో ఉన్న దబ్ దబ్ లేకపోయేసరికి చెవుల్లో హోరుమంది, వాన చప్పుడు కూడా మెల్లగా, పక్కింట్లో పడుతున్నట్టుంది. ఫోనులో ఎవరో, "చూడండి, పోతోంది. నీళ్ళు పోతున్నాయి," అన్నారు. ఇంకెవరో కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు. సరిపోయింది. అంతా సరిపోయింది. ముసలావిడ మతి లేక కట్టించింది, సముద్రం పడగొట్టింది, ఇల్లు నిలబడింది. సెలీనా ఏమీ అననక్కర్లేదు. నోరు మూసుకుని మెట్లెక్కి, చీర పిండుకుని, టీ కాచుకోవచ్చు. అమ్మచ్చి పైనుంచి ఆమె వైపు చూస్తోంది, ఆ చూపులో ఏమీ లేదు, వేలికంటిన ఉప్పిసక రుచి చూసిన రోజున ఉన్నంతే ఉంది. అత్తగారిలో నచ్చని గుణాలు పదిహేడు. ఇది పద్దెనిమిదోది, దీన్ని ఎలా భరించడం.

సెలీనా రెండు మెట్లెక్కింది. గునపం ఇంకా చేతిలోనే ఉంది. ఫోనుకి ఎదురుగా నిలబడింది, వాన కారుతున్న మొహంతో, ఎక్కడ చూడాలో తెలియక ఆ చిన్న గాజు చుక్కలోకి చూస్తూ.

"సార్, ఆవిడ అబద్ధం చెప్తోంది," అంది. "ఆవిడకి చెవులు సరిగా లేవు గాని మతి బాగానే ఉంది. డెల్ఫిన్, నువ్వు కూడా విను, నీకు నేను పంపిన ఫొటోలన్నీ ఈస్టరువి. ఆ గోడ కట్టించింది నేను. అమ్మచ్చి కాదు, మీ నాన్న కాదు, మీ పెద్దమ్మ కాదు. అందరూ ఏమనుకుంటారో అని కట్టించాను, నువ్వు నన్నొక్క మాట అడగలేదని కట్టించాను. ఇల్లు గీసినదాని తప్పు లేదు సార్. తప్పు నాదే."